సీజన్ బెస్ట్ ఫైవ్‌ని ఎలా ఎంచాలి? బీఏఏ రోజుల్లో ఎలా ఎంచారు?

పర్లాకిమిడి_స్కోర్‌బుక్:

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. చలికాలం వచ్చిందంటే ఇక్కడ మా జట్టు, గుణుపురం, రాయగడ, బరంపురం వాళ్ళు, గట్టు దాటి పాతపట్నం కుర్రాళ్ళు కలిసి శని ఆదివారాల్లో లీగ్ పద్ధతిలో బాస్కెట్‌బాల్ ఆడతారు. మైకులో స్కోరు ఒకసారి ఒడియాలో, ఒకసారి తెలుగులో చెప్తారు, బుక్కు రాసేది నేను. ఇన్నేళ్ళూ గెలిచిన జట్టుకి కప్పు, ఫైనల్లో బాగా ఆడిన ఒకడికి షీల్డ్ ఇచ్చి ఊరుకునేవాళ్ళం. దానివల్ల సీజన్ అంతా ఒళ్ళు హూనం చేసుకుని ఆడినవాడు ఒక్క ఫైనల్లో ఫౌల్స్ ఎక్కువై బయట కూర్చోవాల్సి వస్తే వాడి పేరు ఎక్కడా ఉండదు. అందుకని ఈ ఏడు సీజన్ మొత్తం చూసి ఒక బెస్ట్ ఫైవ్ ప్రకటిద్దాం అని కమిటీలో అనుకున్నాం.

అనుకున్న దగ్గర్నుంచీ గొడవే. రాయగడ అబ్బాయి ఒకడు అన్ని మ్యాచ్‌లూ ఆడాడు, మొత్తం పాయింట్లలో వాడే ఫస్ట్. మా వైపు అబ్బాయి ఒకడు విశాఖలో డ్యూటీ చేసుకుంటూ సెలవు దొరికినప్పుడల్లా రైలెక్కి వచ్చి ఆడాడు, కొన్ని మ్యాచ్‌లకి రాలేకపోయాడు, కానీ మ్యాచ్‌కి సగటు తీస్తే వాడే ముందు. ఇంకొకడు ఉన్నాడు, అందరికంటే ఎక్కువ ఓడిపోయిన జట్టులో సెంటర్, అంటే బోర్డు కింద ఆడేవాడు. వాడికి ఇవ్వకూడదని ఒక వర్గం, ఇవ్వాలని ఒక వర్గం. అమెరికాలో ఎన్‌బీఏ లీగ్ పుట్టకముందు బీఏఏ అనే లీగ్ ఒకటి ఉండేది కదా, వాళ్ళు కూడా మొదటి ఏడాది ఏ పద్ధతీ లేని చోటే మొదలుపెట్టి ఉంటారు. అప్పుడు ఎవరికి ఇచ్చారు, ఇలాంటి చిక్కులు వాళ్ళకీ వచ్చాయా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి, కమిటీలో చూపించాలి.

బరంపురం_పాత_గార్డు:

మంచి పని తలపెట్టారు బాబూ. నాకు తెలిసినంత రాస్తాను, కొంచెం పొడుగవుతుంది.

బాస్కెట్‌బాల్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా 1946 జూన్‌లో పెట్టారు. ఐస్ హాకీ మందిరాలున్న యజమానులకి హాకీ లేని రాత్రులు హాలు ఖాళీగా ఉంచడం ఇష్టం లేక పెట్టుకున్న లీగ్ అది, అధ్యక్షుడు మారిస్ పోడోలాఫ్ కూడా హాకీ లీగ్ మనిషే. మొదటి మ్యాచ్ 1946 నవంబర్ 1న టొరంటోలో, న్యూయార్క్ నికర్‌బాకర్స్ 68-66తో టొరంటో హస్కీస్ మీద గెలిచింది. ఆ సీజన్ 11 జట్లు, చాలా జట్లకి 60 మ్యాచ్‌లు.

మీరడిగిన సంగతికి వస్తే, అప్పట్లో ఎంవీపీ, అంటే సీజన్ మొత్తానికి ఒక్క ఉత్తమ ఆటగాడికిచ్చే అవార్డు, లేదు. ఐదుగురి ఫస్ట్ టీమ్, ఇంకో ఐదుగురి సెకండ్ టీమ్. 1947 ఫస్ట్ టీమ్‌లో ఫిలడెల్ఫియా నుంచి జో ఫుల్క్స్, వాషింగ్టన్ నుంచి బాబ్ ఫీరిక్, బోన్స్ మెకిన్నీ, షికాగో నుంచి మ్యాక్స్ జాస్లాఫ్‌స్కీ, డెట్రాయిట్ నుంచి స్టాన్ మియాసెక్. ఈ జాబితాని జట్ల పట్టిక పక్కన పెట్టి చూడండి, మీ మూడు గొడవల్లో ఒకటి అక్కడే తేలిపోతుంది. ఆ ఏడాది కప్పు గెలిచింది ఫిలడెల్ఫియా, కానీ ఫస్ట్ టీమ్‌లో ఫుల్క్స్ ఒక్కడే. వాషింగ్టన్‌కి రెడ్ ఆవర్‌బాక్ కోచ్, 49 గెలిచి 11 ఓడారు, కానీ సెమీస్‌లో షికాగో చేతిలో పోయారు. అయినా ఇద్దరు ఫస్ట్ టీమ్, ఫ్రెడ్ స్కోలారి సెకండ్ టీమ్. అంటే సీజన్ లెక్క సీజన్‌దే, కప్పు లెక్క కప్పుదే.

ఇక మియాసెక్. డెట్రాయిట్ ఫాల్కన్స్ 20 గెలిచి 40 ఓడింది, ఆ సీజన్ అయ్యాక జట్టే మూతపడింది. ఆ జట్టు సెంటర్‌ని లీగ్ మొత్తంలో మొదటి ఐదుగురిలో పెట్టారు. రెండేళ్ళ తర్వాత ఇంకా గట్టి ఉదాహరణ ఉంది. 1948-49లో ప్రావిడెన్స్ స్టీమ్‌రోలర్స్ 12 గెలిచి 48 ఓడితే, ఆ జట్టులోని కెన్నీ సేలర్స్‌ని సెకండ్ టీమ్‌కి తీసుకున్నారు. మీ ఓడిన జట్టు సెంటర్ కుర్రాడి విషయంలో అడ్డు చెప్పేవాళ్ళకి ఈ రెండు పేర్లు చూపించండి చాలు. చుట్టూ సాయం లేకుండా, ఎదుటి జట్టు ఇద్దరిద్దరు మీద పడుతుంటే వారం వారం నిలబడి ఆడటం ఎంత కష్టమో ఆడినవాడికి తెలుసు.

అసలు చిక్కు మీరు మొదట చెప్పిన ఇద్దరు కుర్రాళ్ళది, మొత్తం పాయింట్లా సగటా అని. అది అచ్చంగా 1947-48లో వచ్చింది. ఆ సీజన్ 48 మ్యాచ్‌లకి తగ్గించారు. జాస్లాఫ్‌స్కీ 48 మ్యాచ్‌లూ ఆడి 1007 పాయింట్లు వేశాడు, సగటు 21. ఫుల్క్స్ 43 మ్యాచ్‌లే ఆడి 949 వేశాడు, సగటు 22.1. అప్పటి నియమం మొత్తం పాయింట్లు, కాబట్టి టాప్ స్కోరర్ జాస్లాఫ్‌స్కీ. ఆ మిగిలిన ఐదు మ్యాచ్‌లు ఫుల్క్స్ తన సగటులో ఆడి ఉంటే వెయ్యి దాటిపోయి ముందుండేవాడు, కానీ ఆడలేదు, ఆడనివాటికి పాయింట్లు ఉండవు. అయితే ఫస్ట్ టీమ్‌లో మాత్రం ఇద్దరినీ పెట్టారు. అదీ నేను మీకు చెప్పదలచుకున్నది. టాప్ స్కోరర్ అనేది లెక్క, దానికి ఒక్కడే. బెస్ట్ ఫైవ్ అనేది ఎంపిక, అందులో ఐదు చోట్లున్నాయి. మీ కమిటీవాళ్ళు ఈ రెండింటినీ ఒకటిగా చూస్తున్నట్టున్నారు, అందుకే తెగట్లేదు.

రాయగడ_లెఫ్టీ:

గురువుగారు బాగా చెప్పారు కానీ నేను ఒప్పుకోలేని మాట ఒకటుంది. ఆ రాయగడ అబ్బాయి మా ఊరివాడే, రోజూ సాయంత్రం వాడితో ఆడేవాణ్ణి, అందుకే ఇంకా గట్టిగా చెప్తున్నాను. మ్యాచ్‌కి రావడం కూడా ఆటలో భాగమే. మా వాడు చలిలో పొద్దున్నే బస్సెక్కి గుణుపురం మీదుగా పర్లాకిమిడి వచ్చి, ఆడి, రాత్రికి ఇంటికి చేరి, మర్నాడు పనికి పోయేవాడు. ఒక్క మ్యాచ్ మానలేదు. రాలేనివాడిది కష్టం కాదని అనను, కానీ వాడు రాని రోజు వాడి జట్టు నలుగురు మామూలు ఆటగాళ్ళతో ఈడ్చుకొచ్చింది, ఆ భారం సగటులో కనపడదు.

ఇప్పటి ఎన్‌బీఏ కూడా చివరికి మా మాటకే వచ్చింది. 2023-24 నుంచి 82 మ్యాచ్‌ల్లో 65 ఆడకపోతే ఆల్ ఎన్‌బీఏ టీమ్‌కి (ఏటా ఎంచే మేటి ఆటగాళ్ళ జట్టు) గానీ ఎంవీపీకి గానీ పేరే పరిశీలించరు. పెద్ద పెద్ద స్టార్లకే ఆ రూల్ పెట్టారు.

ఇంకో సంగతి, ఫుల్క్స్ గురించి అందరూ గొప్పగా చెప్తారు గానీ 1946-47లో ఆయన 1557 షాట్లు కొడితే పడినవి 475. నూటికి 30. చేతికి బంతి వస్తే వదలని మనిషి ఏ ఊళ్ళోనైనా టాప్ స్కోరర్ అవుతాడు. అదే ఏడాది ఫీరిక్ నూటికి 40 వేశాడు. నన్నడిగితే ఆ ఏడాది ఒక్కడినే ఎంచమంటే ఫీరిక్ పేరే చెప్తాను, జట్టు 49 గెలిచింది ఊరికే కాదు.

బరంపురం_పాత_గార్డు:

తమ్ముడూ, హాజరు గురించి నువ్వన్నది నిజం, దాన్ని కాదనను. 65 మ్యాచ్‌ల రూల్ మంచి ఉదాహరణ, కానీ దాన్ని సరిగ్గా లెక్కపెట్టు. 82లో 65 అంటే ఇంచుమించు ఐదింట నాలుగు. 1948 ఫుల్క్స్ 48లో 43 ఆడాడు, ఆ రూల్ ఉన్నా దాటేవాడే. పర్లాకిమిడి బాబు తన బుక్కులో ఆ డ్యూటీ కుర్రాడు ఐదింట నాలుగు ఆడాడో లేదో చూసుకుంటే సరిపోతుంది, అప్పుడు మనం వాదించుకోవాల్సిన పని లేదు.

ఫుల్క్స్ షాట్ల విషయంలో మాత్రం నువ్వు అన్యాయం చేస్తున్నావు. ఈ రోజు కళ్ళతో 30 శాతం చూస్తే తక్కువే. కానీ 1946-47లో లీగ్ మొత్తం కలిపి సగటు 28 శాతం దగ్గరే ఉండేది. సన్నటి వెలుతురు, ఐస్ మీద పరిచిన చెక్కలు, చల్లటి హాళ్ళు, చేతులు బిగుసుకుపోయేవి. చాలామంది రెండు కాళ్ళూ నేల మీద ఉంచి రెండు చేతులతో విసిరేవాళ్ళు. అలాంటి చోట ఫుల్క్స్ గాల్లోకి లేచి, ఒంటి చేత్తో, కుడి ఎడమ ఏ చేత్తోనైనా కొట్టేవాడు. జంప్ షాట్‌ని ప్రొఫెషనల్ ఆటలోకి తెచ్చిన మొదటివాళ్ళలో ఆయనా, ఇందాక చెప్పిన కెన్నీ సేలర్సూ ఉన్నారు. బంతి దొరికిన 24 సెకన్లలో షాట్ కొట్టాలనే గడియారం 1954లో గానీ రాలేదు, జట్లు బంతి దాచుకుని నిమిషాలు గడిపేవి, ఒక జట్టు మ్యాచ్‌కి 70 దాటడమే ఎక్కువ. ఆ రోజుల్లో మ్యాచ్‌కి 23.2 అంటే తన జట్టు పాయింట్లలో దాదాపు మూడో వంతు ఒక్కడే వేశాడు. రెండో స్థానంలో ఉన్న నీ ఫీరిక్ సగటు 16.8. మధ్యలో ఎంత దూరం ఉందో చూడు.

1949 ఫిబ్రవరి 10న ఇండియానాపొలిస్ జెట్స్ మీద ఒక్క మ్యాచ్‌లో 63 వేశాడాయన. గడియారం లేని కాలంలో! ఆ రికార్డు 1959లో ఎల్జిన్ బేలర్ 64 వేసేదాకా చెక్కుచెదరలేదు. అలాంటివాణ్ణి బంతి వదలని మనిషి అని తేల్చేయడం నాకు మనసొప్పదు.

గుణుపురం_రీబౌండ్:

అన్నలిద్దరూ పాయింట్లే మాట్లాడుతున్నారు. నేను కాలేజీ రోజుల నుంచీ బోర్డు కింద ఆడిన అమ్మాయిని, నాకు ఈ చర్చలో లోటుగా కనిపిస్తున్నది వేరే ఉంది. బుక్కులో ఏది రాస్తే అదే గౌరవం అవుతుంది. బీఏఏ మూడు సీజన్లలో రీబౌండ్లు, అంటే పడని షాట్ బంతిని పట్టుకోవడం, రాయనే లేదు, ఎన్‌బీఏ వాటిని లెక్కపెట్టడం 1950-51లో మొదలుపెట్టింది. ఆడిన నిమిషాలు ఆ తర్వాతి ఏడాది నుంచి. స్టీల్స్ (బంతి లాక్కోవడం), బ్లాకులు (షాట్‌ని అడ్డుకోవడం) ఏకంగా 1973-74 నుంచి. మియాసెక్ గానీ షికాగో సెంటర్ చిక్ హాల్బర్ట్ గానీ ఎన్ని రీబౌండ్లు తీశారో ఈ రోజు ఎవరూ చెప్పలేరు. మొదటి ఏడాది ఎంపికలో ఆ ఇద్దరికీ చోటు దొరికిందంటే చూసినవాళ్ళు కళ్ళతో చూసి గుర్తుపెట్టుకున్నారు కాబట్టే.

అసిస్టులు, అంటే బుట్ట పడేలా ఇచ్చిన పాస్‌లు, మాత్రం రాసేవాళ్ళు, అదీ ఎంతో పిసినారిగా. 1946-47లో ప్రావిడెన్స్ ఆటగాడు ఎర్నీ కాల్వర్లీ 202 అసిస్టులతో లీగ్‌లో మొదటివాడు, సెకండ్ టీమ్‌లో ఉన్నాడు. మరుసటి ఏడు ఫిలడెల్ఫియాకి చెందిన హోవీ డాల్మర్ 120తో మొదటివాడు. 48 మ్యాచ్‌ల్లో మొత్తం 120! అంటే బంతి అందుకున్నవాడు ఒక్కసారి నేలకి కొట్టినా అసిస్టు ఇచ్చేవాళ్ళు కాదన్నమాట. డాల్మర్ స్కోరింగులో ఫుల్క్స్ దరిదాపుల్లో లేడు, అయినా ఫస్ట్ టీమ్‌లో పెట్టారు. నాకు ఆ ఎంపికంటే చాలా గౌరవం. ఫుల్క్స్‌కి బంతి సరైన చోట అందించేవాడు లేకపోతే ఫుల్క్స్ ఎక్కడ?

పర్లాకిమిడి అన్నా, మీ ఐదుగురిలో పాస్ ఇచ్చేవాడొకడు, బోర్డు కింద నలిగేవాడొకడు తప్పకుండా ఉండాలి. మీ బుక్కులో రీబౌండ్ల కాలమ్ ఉందా?

పర్లాకిమిడి_స్కోర్‌బుక్:

లేదమ్మా. పాయింట్లు, ఫ్రీ త్రోలు, ఫౌల్స్, టైమవుట్లు, ఇవే ఉన్నాయి. ఒక్కణ్ణే కూర్చుని రాస్తే రీబౌండ్లు పట్టుకోవడం అయ్యే పని కాదు, పక్కన ఇంకొకరు ఉండాలి. వచ్చే సీజన్‌కి ప్రతి జట్టూ ఒక మనిషిని టేబుల్ దగ్గర కూర్చోబెట్టాలని అడుగుతాను. ఈ ఏడాదికి మాత్రం కోచ్‌లనీ కెప్టెన్లనీ అడిగి తెలుసుకోవాల్సిందే.

డ్యూటీ అబ్బాయి హాజరు లెక్క చూశాను, ఐదింట నాలుగు కంటే పైనే ఉంది.

బల్లార్షా_సెంటర్:

నేను బల్లార్షా నుంచి. మా దగ్గర పేపర్ మిల్లు కాలనీల వైపు తెలుగోళ్ళం చాలామందిమి ఉన్నాం, చంద్రపూర్, రాజురా జట్లతో ఆడుతుంటాం, కాబట్టి మీ గొడవ మాకూ తెలిసిందే. చర్చ మొత్తం చదివిన. ఒక్క ప్రశ్న అడుగుతున్న, ఎవరూ ఏమీ అనుకోకండి. మీ లీగ్‌లో లేని, కానీ మీతో ఆడిన జట్టు ఏదైనా ఉందా?

ఎందుకు అడుగుతున్ననంటే బీఏఏ ఫస్ట్ టీమ్, సెకండ్ టీమ్ అని మీరు చెప్పిన పేర్లన్నీ తెల్లవాళ్ళవే. 1947లో న్యూయార్క్ జట్టుకు వాట్ మిసాకా అనే జపనీస్ అమెరికన్ ఆడిండు, అదీ మూడు మ్యాచ్‌లే, తర్వాత తీసేసిన్రు. నల్లజాతి ఆటగాళ్ళకు ఆ మూడు సీజన్లూ తలుపే తెరవలేదు. చక్ కూపర్, నాట్ క్లిఫ్టన్, ఎర్ల్ లాయిడ్ వచ్చింది 1950లో, అప్పటికి పేరు ఎన్‌బీఏ అయింది.

మరి ఆ ఆటగాళ్ళు లేరా అంటే ఉన్నరు. 1939లో షికాగోలో మొదటి ప్రపంచ ప్రొఫెషనల్ టోర్నమెంట్ పెట్టిన్రు, అందులో ఎవరైనా ఆడొచ్చు. గెలిచింది న్యూయార్క్ రెన్స్, మొత్తం నల్లజాతి ఆటగాళ్ళ జట్టు. ఫైనల్లో నేషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ జట్టు ఓష్‌కోష్ ఆల్‌స్టార్స్‌ని 34-25తో కొట్టిన్రు. 1948లో అదే టోర్నమెంట్ ఫైనల్లో రెన్స్ మళ్ళీ వచ్చి మినియాపొలిస్ లేకర్స్ చేతిలో 75-71తో ఓడిపోయిన్రు, ఆ నాలుగు పాయింట్ల తేడా కోసం జార్జ్ మైకాన్ 40 వేయాల్సి వచ్చింది. మరుసటి ఏడాది అదే మైకాన్, అదే లేకర్స్ బీఏఏలోకి వచ్చి, మైకాన్ 28.3 సగటుతో టాప్ స్కోరర్, ఫస్ట్ టీమ్, జట్టుకు కప్పు, అన్నీ. ఆయన మీద నాకు ఏ కోపం లేదు, నేనూ సెంటర్‌నే, ఆయన ఆట మీద ఎంతో ప్రేమ. కానీ ఆయనకు చివరి నిమిషం దాకా చెమటలు పట్టించినోళ్ళ పేర్లు ఆ జాబితాల్లో ఉండవు. రెన్స్ 1948-49లో డేటన్ ఊరి పేరు మీద ఆ నేషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ (ఎన్‌బీఎల్)లో కొన్నాళ్ళు ఆడిన్రు, పాప్ గేట్స్ ఆడుకుంట కోచింగ్ కూడా చేసిండు. 1949 ఆగస్టులో బీఏఏ, ఎన్‌బీఎల్ రెండు లీగ్‌లు కలిసి ఎన్‌బీఏ అయి, 17 జట్లతో మొదలుపెట్టినప్పుడు డేటన్‌ని తీసుకోలే. జట్టు మొత్తాన్ని హాల్ ఆఫ్ ఫేమ్‌లో (బాస్కెట్‌బాల్ మేటివాళ్ళ గౌరవ జాబితా) పెట్టింది 1963లో.

కాబట్టి మీరు బీఏఏని చూసి నేర్చుకోండి, కానీ అందులో ఎవరెవరు లేరో అది కూడా కమిటీలో చదివి వినిపించండి.

పర్లాకిమిడి_స్కోర్‌బుక్:

ఉంది అన్నా. ఇది ముందే రాయాల్సిన సంగతి. గుణుపురం అవతల కొండల వైపు నుంచి హాస్టల్ పిల్లలు, చాలామంది సవర కుర్రాళ్ళు, ఒక జట్టుగా వచ్చి దాదాపు అన్ని జట్లతోనూ ఒక్కోసారి ఆడారు. ఫీజు కట్టలేదు, యూనిఫామ్ సరిగ్గా లేదు అని అతిథి జట్టు అన్నారు. వాళ్ళతో ఆడిన మ్యాచ్‌లు పాయింట్ల పట్టికలోకి రావు. కానీ నేను బుక్కులో రాశాను, ప్రతి బుట్టా ఉంది. వాళ్ళ గార్డు ఒకడున్నాడు, పొట్టివాడు, బంతి పట్టుకుని దిగితే మా జట్టులో వాణ్ణి ఆపినవాడు లేడు.

గుణుపురం_రీబౌండ్:

ఆ అబ్బాయి నాకు తెలుసు. వాళ్ళు ఆడే చోట నేల మట్టిది, రింగుకి వల కూడా ఉండదు. అక్కడి నుంచి వచ్చి సిమెంట్ కోర్టు మీద ఆ వేగంతో ఆడాడు. వాడి పేరు జాబితాలో లేకపోతే నా దృష్టిలో అది పర్లాకిమిడి కమిటీ బెస్ట్ ఫైవ్ అవుతుంది, సీజన్ బెస్ట్ ఫైవ్ కాదు.

రాయగడ_లెఫ్టీ:

ఇక్కడ నాకు కొంచెం ఇబ్బంది ఉంది, ఉన్నది ఉన్నట్టు చెప్తాను. ఆ కుర్రాడి ఆట నేనూ చూశాను, మాకు వ్యతిరేకంగానే ఆడాడు, నిజంగా గొప్ప ఆట. కానీ ఇందాకే హాజరు గురించి అంత వాదించి, సగం మ్యాచ్‌లే ఆడినవాడిని ఎలా ఒప్పుకోను? మిగిలినవాళ్ళు ప్రతి జట్టుతో రెండేసి సార్లు ఆడారు.

బల్లార్షా_సెంటర్:

అన్నా, విశాఖ నుంచి రాలేకపోయినోడికి మ్యాచ్ ఉంది, ఆయనకు వీలు కాలే. హాస్టల్ పిల్లలకు రెండో మ్యాచ్ పెట్టనే లేదు. పెట్టని మ్యాచ్‌కు హాజరు ఎట్ల అడుగుతరు? వాళ్ళకు ఎన్ని పెట్టిన్రో అన్నిట్లో ఆడిండా లేదా, అదే హాజరు.

రాయగడ_లెఫ్టీ:

ఆ మాట సరే. అలా చూస్తే వాడు ఒక్కటీ మానలేదు. అయితే వాళ్ళతో ఆడిన మ్యాచ్‌లు లెక్కలోకి తెస్తే అందరికీ తేవాలి, మా వాడు వాళ్ళ మీద వేసిన పాయింట్లు కూడా కలపాలి.

బరంపురం_పాత_గార్డు:

కలపాలి, అందులో సందేహం లేదు. బుక్కులో ఉన్నాయంటున్నాడు కదా.

ఇక ఎవరు ఎంచాలి అనేది మిగిలింది. ఎన్‌బీఏలో ఎంవీపీ 1955-56లో మొదలైంది, మొదటిది సెయింట్ లూయిస్ హాక్స్ ఆటగాడు బాబ్ పెటిట్‌కి. 1979-80 దాకా ఆ ఓటు ఆటగాళ్ళదే, తర్వాతే పత్రికలవాళ్ళకి, టీవీవాళ్ళకి ఇచ్చారు. ఆటగాళ్ళ ఓటులో ఒక విశేషం ఉంటుంది. 1961-62లో విల్ట్ చాంబర్లిన్ మ్యాచ్‌కి 50.4 వేశాడు, అంత సగటు ఇప్పటికీ ఎవరికీ లేదు. ఆల్ ఎన్‌బీఏ ఫస్ట్ టీమ్‌లో సెంటర్‌గా విల్ట్‌నే పెట్టారు, బిల్ రసెల్ సెకండ్ టీమ్. కానీ ఆటగాళ్ళు ఓటేసిన ఎంవీపీ రసెల్‌కి వచ్చింది. బోర్డు కింద రసెల్ ఎదురుగా నిలబడి ఆడినవాళ్ళకి, గ్యాలరీలో కూర్చున్నవాళ్ళకి కనపడనిది ఏదో కనపడింది మరి. గుణుపురం అమ్మాయి చెప్పిన రీబౌండ్ల కాలమ్ లేని లోటు కొంత అలా తీరుతుంది. కమిటీ ఐదుగురిని ఎంచనీ, ఒక్క షీల్డ్ మాత్రం ఆటగాళ్ళ ఓటుకి వదిలేయండి. సొంత జట్టువాడికి ఓటు వేయకూడదు, ఆ ఒక్క షరతు పెట్టండి, లేకపోతే ఎక్కువమంది ఉన్న జట్టే గెలుస్తుంది.

రాయగడ_లెఫ్టీ:

దీనికి నేను పూర్తిగా ఒప్పుకుంటున్నాను. మా వాళ్ళందరితో ఓటు వేయించే పూచీ నాది. జాస్లాఫ్‌స్కీ గురించి ఒక్క మాట రాసి ఆపుతాను. 21 ఏళ్ళకే ఫస్ట్ టీమ్‌లోకి వచ్చాడు, 1947 నుంచి 1950 దాకా నాలుగేళ్ళూ ఫస్ట్ టీమే, ఒకసారి టాప్ స్కోరర్. 1985లో చనిపోయేనాటికి హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరు లేదు. ఏటా వచ్చి ఆడి, ఏటా ఐదుగురిలో నిలిచినవాణ్ణే ఇంత తేలిగ్గా మర్చిపోతే మా రాయగడ అబ్బాయిలాంటివాళ్ళని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? అందుకే టాప్ స్కోరర్ షీల్డ్ విడిగా ఉండాలి, దాని మీద మొత్తం పాయింట్లు అంకెల్లో చెక్కించాలి. ఎన్‌బీఏ టాప్ స్కోరర్‌ని సగటు ప్రకారం తేల్చడం 1969-70లో మొదలుపెట్టింది, అంతకు ముందు ఇరవై ఏళ్ళకు పైగా మొత్తమే లెక్క. మన లీగ్ ఇంకా చిన్నది, రావడమే కష్టమైన చోట మొత్తం లెక్కే న్యాయం.

పర్లాకిమిడి_స్కోర్‌బుక్:

అందరికీ చాలా చాలా థాంక్స్. ఆదివారం కమిటీ ముందు ఇలా పెడుతున్నాను. టాప్ స్కోరర్ షీల్డ్ మొత్తం పాయింట్ల ప్రకారం, హాస్టల్ జట్టుతో ఆడినవి కూడా కలిపి. లెక్క కట్టాను, రాయగడ అబ్బాయే ముందున్నాడు, తేడా ఇంకా పెరిగింది. బెస్ట్ ఫైవ్‌కి తమ జట్టుకి పెట్టిన మ్యాచ్‌ల్లో ఐదింట నాలుగు ఆడినవాళ్ళందరూ అర్హులే, జట్టు ఎక్కడ నిలిచిందో చూడకూడదు, ఫీజు కట్టిందో లేదో అసలే చూడకూడదు. సెకండ్ ఫైవ్ కూడా ఉండాలి, పది పేర్లూ మైకులో రెండు భాషల్లో చదవాలి. ఆటగాళ్ళ ఓటుకి ఒక షీల్డ్.

ఫీజు సంగతి దగ్గర ఇద్దరు ముగ్గురు గట్టిగా అడ్డుపడతారని తెలుసు. హాస్టల్ జట్టు వచ్చే ఏడు ఫీజుకి ఎవరైనా సాయం చేయగలిగితే ఇక్కడే చెప్పండి, అప్పుడు వాళ్ళ నోటికి ఆ కారణం కూడా ఉండదు.

గుణుపురం_రీబౌండ్:

మా పాత జట్టు అమ్మాయిలం కలిసి ఫీజు కడతాం. యూనిఫామ్‌కి కూడా కొంత వేస్తాం, మిగిలింది రాయగడవాళ్ళు చూసుకోవాలి.

రాయగడ_లెఫ్టీ:

చూసుకుంటాం. కొలతలు పంపించండి.